అణు ప్లాంటుకు అప్పిచ్చేదెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ప్రమాదం ఎక్కువున్న అణు విద్యుత్ ప్రాజెక్టులకు బ్యాంకులు అప్పులివ్వకూడదని జనం పట్టుబట్టడం. దగ్గరదగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్లాంటు కట్టేది కంపెనీ, అనుమతిచ్చేది ప్రభుత్వం. మధ్యలో బ్యాంకు ముందు ధర్నా చేస్తే ఏమొస్తుంది?
– రణస్థలం నుంచి ఒక పాఠకుడు

పెద్ద ప్లాంటు ఏదీ సొంత డబ్బుతో లేవదు. మన దేశంలో అణు ప్లాంట్లు కట్టి నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ మామూలుగా పాటించే లెక్క వందకు 70 అప్పు, 30 సొంత పెట్టుబడి. భూమి పోయి, పునాది కాంక్రీటు పడ్డాక ప్రాజెక్టును ఆపడం దాదాపు ఎవరి తరమూ కాదు. అప్పు కాగితాల మీద సంతకాలు పడేదాకా మాత్రం తలుపు తెరిచే ఉంటుంది. ఎన్నికలతో మంత్రి మారతాడు. బ్యాంకులో అప్పు మంజూరు చేసే కమిటీకి ఆ సౌకర్యం లేదు, పాతికేళ్ల దాకా ఆ బాకీ దాని పుస్తకాల్లోనే కూర్చుంటుంది. అందుకే ‘రేపు వసూలవుతుందా, మన పేరు పాడవుతుందా’ అనే రెండు ప్రశ్నలకూ అది తొందరగా కదులుతుంది.

మీ పక్కనున్న కొవ్వాడనే చూడండి. ఒక్కోటి 1,208 మెగావాట్ల ఏపీ1000 అనే అమెరికా రకం రియాక్టర్లు ఆరు అక్కడ పెట్టాలన్నది ఆలోచన. 2016 జూన్‌లో మోదీ, ఒబామా ఇచ్చిన ఉమ్మడి ప్రకటనలో ఈ ఆరు రియాక్టర్ల ప్రస్తావనకు తోడుగా తమ దేశపు ఎగుమతులకు అప్పులిచ్చే అమెరికా ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకుతో కలిసి అప్పు ప్యాకేజీ సిద్ధం చేసుకుంటామన్న మాట కూడా ఉంది. 2017 జూన్‌కల్లా ఒప్పందం కుదరాలనుకున్నారు. ఆ మార్చిలోనే రియాక్టరు అమ్మే వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోసం అమెరికా కోర్టుకు వెళ్లింది. అనుకున్న గడువు గడిచిపోయింది.

బల్గేరియాలో కట్టబోయిన ప్లాంటు నుంచి జర్మనీ బ్యాంకులు వెనక్కి తగ్గాయని చదివాను. నిజంగా జనం ఒత్తిడి వల్లేనా?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

అది బెలెనె. డాన్యూబ్ నది ఒడ్డున ఒక్కోటి వెయ్యి మెగావాట్ల రష్యన్ రియాక్టర్లు రెండు. 1980ల్లో మొదలై, కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయాక ఆగి, 2000 తర్వాత మళ్లీ లేచింది. 2006 అక్టోబరులో ప్లాంటు కట్టడానికి రష్యా కంపెనీ ఆటమ్‌స్ట్రోయ్‌ఎక్స్‌పోర్ట్‌ను ఎంచుకున్నప్పుడు చెప్పిన ధర దాదాపు 400 కోట్ల యూరోలు.

ఉద్యమకారుల చేతిలో ఉన్న బలమైన కాగితం రేడియేషన్ గురించి కాదు, భూకంపం గురించి. 1977 మార్చి 4న రుమేనియాలోని వ్రాంచాలో వచ్చిన భూకంపానికి సరిహద్దు ఇవతల, బల్గేరియాలోని స్విష్టోవ్ పట్టణంలో అపార్టుమెంట్లు కూలి సుమారు 120 మంది చనిపోయారు. స్విష్టోవ్ నుంచి ప్లాంటు స్థలం పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. బల్గేరియా అణు భద్రతా సంస్థకు అధిపతిగా పనిచేసిన గియోర్గి కస్చియెవ్ కూడా ప్రాజెక్టును బాహాటంగా వ్యతిరేకించారు. బ్యాంకు రిస్కు విభాగం దృష్టిలో మాజీ నియంత్రణాధికారి మాటకున్న బరువు వెయ్యి ప్లకార్డులకు ఉండదు.

ప్లకార్డులు దండగ అని కాదు. ఉర్గెవాల్డ్, గ్రీన్‌పీస్ లాంటి పర్యావరణ సంస్థలు జర్మనీ ఊళ్లలో బ్యాంకు శాఖల ముందు నిలబడి, లోపలికి వెళ్లే ఖాతాదారుల చేతికి ‘మీ డబ్బు ఎటు పోతోందో తెలుసా’ అనే కరపత్రం పెట్టాయి. చెర్నోబిల్ మేఘం తమ మీదుగా పోయిన దేశం అది, వివరంగా చెప్పాల్సిన పని లేకపోయింది. 2006లోనే డాయిషె బ్యాంకు, ఇటలీ బ్యాంకు యూనిక్రెడిట్ గూటిలోని హైపోఫెరైన్స్‌బ్యాంకు రెండూ తప్పుకున్నాయి.

జనం వల్లేనా అంటే, జనం ఆ ప్రశ్నను బ్యాంకు పై అంతస్తు దాకా మోశారు, అక్కడ లెక్క కుదరలేదు. రెండూ కావాలి. ఆ తర్వాత ఫ్రెంచి బ్యాంకు బీఎన్‌పీ పారిబా ముందుకొచ్చింది, 2010లో దాని పాత్రా ముగిసింది. 49 శాతం వాటా తీసుకుంటానన్న జర్మన్ విద్యుత్ కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ 2009లోనే వెళ్లిపోయింది. డబ్బు పెట్టేవాడు దొరక్క 2012 మార్చిలో ప్రభుత్వం ప్రాజెక్టును రద్దు చేసింది.

ఈ కథకు చేదు తోక ఒకటుంది. అప్పు కుదరకముందే యంత్రాలకు ఆర్డరిచ్చేశారు. అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో ఓడిపోయి, 2016లో 60 కోట్ల యూరోలు కట్టి, బిగించే చోటు లేని రియాక్టరు భాగాలను ఇంటికి తెచ్చుకున్నారు.

ఆలస్యమైతే ఖర్చు పెరుగుతుందంటారు. పని అయిపోయాక కూడా ఎలా పెరుగుతుంది?
– విజయవాడ నుంచి ఒక సీఏ విద్యార్థి

లెక్క వేసి చూద్దాం. ప్లాంటు 10,000 కోట్లు. సులువు కోసం మొత్తం అప్పే అనుకుందాం. వడ్డీ 10 శాతం, ఏటా చక్రవడ్డీ. ఆరేళ్ల పాటు ఏడాదికి 1,667 కోట్ల చొప్పున, ప్రతి ఏడాదీ నడిమధ్యలో విడుదలైనట్టు తీసుకోండి. ఆరో ఏడాది చివరికి బాకీ దాదాపు 13,490 కోట్లు. అంటే ఇంకా ఒక్క యూనిట్ కరెంటు అమ్మకముందే 3,490 కోట్ల వడ్డీ. దీన్నే నిర్మాణకాలపు వడ్డీ, ఐడీసీ అంటారు.

ఇప్పుడు కట్టడం మొత్తం అయిపోయింది, కానీ వెల్డింగు లోపమో కంట్రోలు వ్యవస్థకు అనుమతి రాకపోవడమో అడ్డుపడి ఇంకో ఆరేళ్లు ఆగింది. కొత్తగా పైసా ఖర్చు పెట్టలేదు, జీతాలు కూడా వదిలేద్దాం. బాకీ దాదాపు 23,900 కోట్లకు చేరుతుంది. అసలు పది వేలు, వడ్డీ పద్నాలుగు వేలకు కాస్త తక్కువ.

ఫిన్లాండ్‌లోని ఒల్కిలువొటో-3 ఇలాంటిదే. 2005లో పని మొదలు, 2009లో కరెంటు ఇవ్వాలి. రోజువారీ ఉత్పత్తి మొదలైంది 2023 ఏప్రిల్‌లో. ధర 300 కోట్ల యూరోల నుంచి దాదాపు 1,100 కోట్లకు ఎగబాకింది. స్థిర ధరకు కట్టిస్తానని సంతకం పెట్టిన ఫ్రెంచి కంపెనీ అరేవా నష్టాల్లో మునిగింది, దాని రియాక్టర్ల వ్యాపారాన్ని ప్రభుత్వ కంపెనీ ఈడీఎఫ్ కొనాల్సి వచ్చింది. స్థిర ధర అని రాసుకున్నంత మాత్రాన నష్టం మాయం కాదు, ఇంకొకరి పద్దులోకి వెళుతుంది. అప్పిచ్చే బ్యాంకు మొదట వెతికేది ఆ ‘ఇంకొకరి’ కోసమే. అమెరికా బ్యాంకు సిటీ గ్రూపు విశ్లేషకులు 2009లోనే నిర్మాణం, కరెంటు ధర, ప్లాంటు నడక అనే మూడు రిస్కుల్లో ఏ ఒక్కటైనా పెద్ద కంపెనీని కూడా పడగొట్టగలదని రాశారు.

నా జీతం ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఒకే బ్యాంకులో ఉన్నాయి. వాళ్లను ఏం అడగాలి, ఎలా అడగాలి?
– బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

అందరూ చేసే పొరపాటు బ్రాంచి మేనేజరుకు రాయడం. ఆయన చేతిలో ఏమీ లేదు, మీ ఉత్తరం సేవల ఫిర్యాదుల దొంతరలో పడుతుంది. కంపెనీ సెక్రటరీ పేరిట, బోర్డు రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ దృష్టికి అని రాసి, రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపండి. చిరునామా వార్షిక నివేదికలో ఉంటుంది.

రెండో పొరపాటు, ‘ఫలానా ప్రాజెక్టుకు మీరు అప్పిచ్చారా’ అని అడగడం. ఖాతాదారుల గోప్యత అని ఒక్క వాక్యంతో తేల్చేస్తారు. విధానాన్ని అడగండి. ఇలా:

“అణు విద్యుత్ ప్రాజెక్టులకు అప్పు, గ్యారంటీ, బాండ్ల కొనుగోలు, అండర్‌రైటింగ్ విషయంలో మీ బ్యాంకుకు రాతపూర్వక విధానం ఉందా? ఉంటే ఎక్కడ ప్రచురించారు? భూకంప, సునామీ ముప్పున్న స్థలాలను ఆ విధానం ఎలా చూస్తుంది? నిర్మాణం ఐదేళ్లు ఆలస్యమైతే నష్టం ఎవరిదో తేలకుండా మంజూరు చేయడానికి వీలుందా?”

అండర్‌రైటింగ్ అంటే బాండ్లు అమ్ముడుపోకపోతే తామే కొంటామన్న పూచీ. ‘అప్పు’ అని మాత్రమే రాసి వదిలేస్తే ‘మేం అప్పు ఇవ్వలేదు’ అంటారు, అది నిజమే అయి ఉండొచ్చు. మన దేశంలో అసలు కిటుకు అక్కడే. ఎన్‌పీసీఐఎల్ ఒక్కో ప్లాంటు పేరు మీద కాకుండా కంపెనీ మొత్తం పూచీ మీద డబ్బు తెచ్చుకోగలదు. ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికంటే భద్రమన్న రేటింగున్న బాండ్లు అమ్మగలదు. వాటిని కొనేది పెద్ద సంస్థలే. ఏ బాండు సొమ్ము ఏ రియాక్టరులోకి వెళ్లిందో బయటివాళ్లు విడదీసి చూపడం కష్టం. బాండ్లు అమ్మేటప్పుడు విడుదల చేసే ఇష్యూ పత్రంలో సొమ్ము వినియోగం గురించిన పేరా చదవండి. చాలాసార్లు ‘మూలధన వ్యయానికి’ అన్న ముక్కతో సరిపెడతారు.

జవాబు రాకపోతే? ప్రభుత్వ రంగ బ్యాంకైతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, గడువు 30 రోజులు. ఒప్పంద వివరాలడిగితే సెక్షన్ 8(1)(డి), అంటే వాణిజ్య రహస్యం అని తోసిపుచ్చుతారు. విధాన పత్రం అడిగితే ఆ సాకు నిలవడం కష్టం. ప్రైవేటు బ్యాంకుకు ఈ దారి లేదు. దాని బీఆర్‌ఎస్‌ఆర్, అంటే వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక చూడండి, పెద్ద లిస్టెడ్ కంపెనీలకు సెబీ 2022–23 నుంచి దాన్ని తప్పనిసరి చేసింది. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఆ పథకం ప్రకారం బ్యాంకు వాణిజ్య నిర్ణయాల మీద ఫిర్యాదు తీసుకోరు, వృథా ప్రయాస.

ఒక్క షేరున్నా వార్షిక సమావేశంలో మాట్లాడవచ్చు. ఆన్‌లైన్ సమావేశమైతే వక్తగా ముందే పేరు నమోదు చేసుకోవాలి, గడువు నోటీసులో ఉంటుంది. ఇక డిపాజిట్ తీసేయాలనుకుంటే గడువు తీరేదాకా ఆగండి, మధ్యలో తీస్తే వడ్డీ కోస్తారు. తీసేటప్పుడు కారణం కాగితం మీద రాసి, రసీదు ముద్ర వేయించుకోండి. చెప్పకుండా వెళ్లిన ఖాతాదారు బ్యాంకు లెక్కలో ఉద్యోగం మారినవాడే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాను. ఇక్కడ అణు రంగానికి అప్పివ్వని బ్యాంకు ఏదైనా ఉందా?

ఉంది. 1974లో బోకుమ్‌లో మొదలైన జీఎల్‌ఎస్ బ్యాంకు ఒకటి, ఎవరికి అప్పిచ్చిందో కూడా ప్రచురిస్తుంది. మామూలు బ్యాంకులో ఉండదలిస్తే ఈక్వేటర్ ప్రిన్సిపుల్స్ అనే బ్యాంకుల స్వచ్ఛంద నియమావళిలో సభ్యత్వముందో లేదో చూడండి. అది నిషేధం కాదు. కోటి డాలర్లు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టు ఫైనాన్సుకు, అంటే ఆ ఒక్క ప్రాజెక్టు ఆదాయాన్ని నమ్మి ఇచ్చే అప్పుకు, పర్యావరణ, సామాజిక పరిశీలన చేయాలన్న నియమం మాత్రమే. కంపెనీ పేరు మీద ఇచ్చే సాధారణ అప్పు ఆ వల నుంచి జారిపోవచ్చు.

ప్రైవేటు బ్యాంకు తప్పుకుంటే ప్రభుత్వం ఇస్తుంది. మరి ఉపయోగమేముంది?
– ఖమ్మం నుంచి ఒక ఉపాధ్యాయురాలు

చాలాసార్లు జరిగేది అదే. స్లొవాకియాలోని మొహోవ్‌త్సె అణు ప్లాంటుకు యూరోపియన్ పునర్నిర్మాణ బ్యాంకు అప్పివ్వకూడదని పక్కనున్న ఆస్ట్రియా జనం గట్టిగా ఎదిరించారు. 1995లో స్లొవాకియా ఆ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ప్లాంటు ఆగలేదు, వేరే డబ్బుతో 1998లో మొదటి యూనిట్ నడిచింది. బంగ్లాదేశ్‌లోని రూప్పూర్‌కు రష్యా ప్రభుత్వమే 1,138 కోట్ల డాలర్లు అప్పిచ్చింది, అంచనా ఖర్చులో తొంభై శాతం. బ్రిటన్‌లో 3,800 కోట్ల పౌండ్ల సైజ్‌వెల్-సి అణు ప్లాంటు అప్పులో సింహభాగం ప్రభుత్వ నిధిదే, పైగా నిర్మాణం సాగుతుండగానే కరెంటు బిల్లుల్లో వసూలు మొదలవుతుంది.

అంటే రిస్కు బ్యాంకు వాటాదారు నెత్తి నుంచి పన్ను కట్టేవాడి నెత్తికి మారింది. ఉపయోగం లేదనలేం. అప్పుడు బడ్జెట్టులో, చట్టసభలో లెక్క చెప్పాల్సి వస్తుంది. కానీ శాఖ ముందు నిలబడి గెలిచినవాళ్లు ఆట ముగిసిందనుకుంటే మోసపోతారు.

బొగ్గు మానాలంటే అణు విద్యుత్ కావాలి కదా? దాన్ని అడ్డుకోవడం తప్పు కాదా?
– పాల్వంచ నుంచి ఒక పాఠకుడు

ఆ వాదనకు ఇప్పుడు బ్యాంకుల్లోనే బలం పెరిగింది. 2050కల్లా అణు విద్యుత్‌ను మూడింతలు చేయాలన్న లక్ష్యానికి 2024 సెప్టెంబరులో 14 పెద్ద ఆర్థిక సంస్థలు మద్దతు ప్రకటించాయి, వాటిలో పాత బెలెనె కథలోని బీఎన్‌పీ పారిబా కూడా ఉంది. అణు విద్యుత్ మొత్తానికే వద్దనేవాళ్లూ ఈ ఉద్యమాల్లో ఉన్నారు, దాచేదేమీ లేదు. మా అభిప్రాయం వేరు. భూకంప చరిత్ర, ఆలస్యం ఖరీదు, నష్టం ఎవరిదన్న మూడింటికీ జవాబు లేని ప్రాజెక్టుకు అప్పివ్వొద్దనడానికి అణు వ్యతిరేకి కానక్కర్లేదు. మీరడిగినా అడగాల్సినవి ఆ మూడే.

ప్రపంచ బ్యాంకు సంగతి?
– అనంతపురం

దశాబ్దాల పాటు దూరంగా ఉండి, 2025 జూన్‌లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. అంతకుముందు అది అణు ప్లాంటుకిచ్చిన అప్పు ఒక్కటే: 1959లో ఇటలీలోని గరిల్యానోకు 4 కోట్ల డాలర్లు. 1978లో ఆవిరి జనరేటరు దెబ్బతిని ఆగిన ఆ ప్లాంటు మళ్లీ నడవలేదు. దాన్ని విప్పే పని ఇంకా సాగుతోంది.