బుజ్జీ, ఆ వీ వన్ వీ టూ వీ త్రీ చార్ట్ మూసెయ్

బుజ్జీ,

నిన్న ఫోన్లో అన్నావు కదా, మారతహళ్లి పీజీలో రాత్రిళ్లు కూర్చుని వెర్బ్ ఫార్మ్స్ చార్ట్ (గో వీ వన్, వెంట్ వీ టూ, గాన్ వీ త్రీ అని ఒక్కో వెర్బ్‌కి మూడు రూపాలుంటాయే, అది) ఏ నుంచి జెడ్ దాకా బట్టీ పడుతున్నా అత్తా, ఇంకా బి దాటలేదు అని, అది విన్నప్పట్నుంచీ నీకు ఇది రాయాలనే ఉంది. ఇన్నేళ్లు ఈ బెంగళూరులో మనవాళ్ల పిల్లలకి ఇంగ్లీష్ చెప్పాను, ఆ అనుభవంతో చెప్తున్నా, ఆ చార్ట్ మూసెయ్. మొదట్లోనే అబైడ్ అబోడ్, అరైజ్ అరోజ్ అని మొదలవుతుంది, ఆఫీసులో అవి నీకెప్పుడు అవసరమొస్తాయి చెప్పు? వాడుకలో ఉన్న ఇర్రెగ్యులర్ వెర్బ్స్, అంటే పాస్ట్‌లో మామూలుగా ఈడీ తగిలించుకోకుండా తమదైన తీరులో ఉండేవి, ఓ 200 దాకా ఉంటాయి గానీ రోజూ నోట్లో నలిగేవి 30, 40 ఉంటాయేమో, ముందు అవి పట్టు.

మీకు పొద్దున్నే స్టాండప్ మీటింగ్ ఉంటుంది కదా, నిన్న ఏం చేశావో చెప్పాలి, అంటే అంతా పాస్ట్ టెన్సే! నీ పాఠం అదే. ఐ ఫౌండ్ ద బగ్, ఐ రోట్ టూ టెస్ట్స్, ఐ సెంట్ ద మెయిల్, ఐ స్పోక్ టు ద క్లయింట్. ఔటర్ రింగ్ రోడ్‌లో క్యాబ్ కదలకుండా ఆగిపోయినప్పుడు నిన్న చేసిన పనులు ఇలా చిన్న చిన్న వాక్యాలుగా నోటితో అనుకో, మనసులో కాదు, పెదాలు కదలాలి. వెర్బ్ ఒక్కదాన్నే చదివితే పరీక్ష దాకానే గుర్తుంటుంది, వాక్యంలో పలికితే మాట్లాడేటప్పుడు దానంతటదే వస్తుంది.

మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది మాత్రం డిడ్ దగ్గర. ఐ డిడ్ నాట్ సెంట్, డిడ్ యు వెంట్ అనేస్తారు. డిడ్ వచ్చిందంటే పాస్ట్ సంగతి అదే చూసుకుంటుంది, పక్కన వీ వన్ చాలు, ఐ డిడ్ నాట్ సెండ్, డిడ్ యు గో. అదే హావ్ వస్తే వీ త్రీ కావాలి, హావ్ వెంట్ కాదు హావ్ గాన్, హావ్ రోట్ కాదు హావ్ రిటెన్. బిల్డ్, అదే మీ సాఫ్ట్‌వేర్ కోడ్ కలిపి తయారుచేసేది, పాడైందని చెప్పేటప్పుడు కూడా ఈజ్ బ్రోక్ అనకు, ఈజ్ బ్రోకెన్. ఈ ఒక్క విషయం సరిచేసుకుంటే నీ తప్పులు సగం పోతాయమ్మా, నిజంగా.

మిగతావి అక్షరాల వరసలో కాకుండా చెవికి ఒకేలా వినిపించేవి ఒకచోట పెట్టుకో. బ్రింగ్ బ్రాట్, బై బాట్, థింక్ థాట్, క్యాచ్ కాట్, టీచ్ టాట్ ఒక జట్టు. సెండ్ సెంట్, స్పెండ్ స్పెంట్, లెండ్ లెంట్ ఇంకోటి. డ్రింక్ డ్రాంక్ డ్రంక్, బిగిన్ బిగాన్ బిగన్ ఇంకోటి. పుట్, కట్, కాస్ట్, షట్ అసలు మారవు, పుటెడ్ అనే మాటే లేదు. రీడ్ స్పెల్లింగ్ మారదు గానీ పాస్ట్‌లో రెడ్ అని పలకాలి.

ఇంత గజిబిజి ఎందుకు పెట్టారని అడిగావు. ఎవరూ కావాలని పెట్టలేదు బుజ్జీ, పాతకాలం నుంచి ఎక్కువగా వాడేవి జనం నోట్లో అలాగే నిలిచిపోయాయి. వెంట్ అసలు వెండ్ అనే వేరే వెర్బ్‌ది, గో దాన్ని తెచ్చేసుకుంది. మనం మాత్రం రా అని పిలిచి వచ్చాడు అనట్లేదూ, తే అని చెప్పి తెచ్చాడు అనట్లేదూ, ఎవరు నేర్పారు మనకి? కొత్తగా పుట్టే వెర్బ్స్ అయితే ఈడీ తగిలించుకుని వచ్చేస్తాయి, గూగుల్డ్, ఈమెయిల్డ్ అని, వాటి గురించి బెంగే అక్కర్లేదు.

మీ అమెరికా క్లయింట్ గెట్‌కి వీ త్రీగా హావ్ గాటెన్ అంటే కంగారు పడకు, వాళ్లకది కరెక్టే, నువ్వు గాట్ అను. లెర్న్డ్, లెర్ంట్ రెండూ ఒప్పే.

ఆదివారం చర్చ్ స్ట్రీట్ వెళ్లి పాత పుస్తకాల్లో పిల్లల కథల పుస్తకం ఒకటి కొనుక్కో. కథలు ఎక్కువగా పాస్ట్‌లోనే ఉంటాయి, రోజుకి ఒక పేజీ పైకి చదువు. ఎవరైనా నవ్వుతారేమో అని ఆగకు, నిన్ను చూసి నవ్వేంత గొప్పవాళ్లు ఆ పీజీలో ఎవరూ లేరు.

సోమవారం స్టాండప్‌లో చెప్పబోయేది ముందురోజు రాత్రే నాకు వాయిస్ మెసేజ్ పెట్టు, ఎంత లేటైనా విని ఎక్కడ మార్చాలో చెప్తా.

మీ అత్త