మా గంగెద్దును స్టూడియోవాళ్ళు తోలుకుపోయారు, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, నేను నల్లకుంటలో ఉంటాను, ఫ్రీలాన్స్‌గా బొమ్మలు వేస్తాను. రెండేళ్ళ కింద సముద్రంలో సహజీవనం చేసే ఒక ఫాంటసీ జీవిని తయారు చేశాను, పేరు గంగెద్దు. కళ్ళుండవు, కొండంత ఉంటుంది, బోలుగా ఉన్న కొమ్ముల్లో మెరిసే రొయ్యలు కాపురం పెడతాయి, దాని మీసాలు పట్టి లాగుతూ అవే దారి చూపిస్తాయి, అది తినగా మిగిలింది వాటికి. వీపు మీద గంగిరెద్దుకి కప్పే బొంతలాగా అతుకుల రంగులుంటాయి. ఆరు బొమ్మలు, నాలుగు పేజీల కథ ఇన్‌స్టాలో పెట్టాను. తర్వాత మాదాపూర్‌లో ఒక గేమ్ స్టూడియోవాళ్ళు అవి చూసి పిలిచి ఇంకో ఎనిమిది గీయించుకున్నారు, 15 వేలు ఇచ్చారు, అగ్రిమెంట్ ఏం లేదు. ఇప్పుడు రంగు, పేరు మార్చి ట్రైలర్ వదిలారు. అడిగితే ఐడియాకి కాపీరైట్ ఉండదు, పైసలు కూడా ఇచ్చాం కదా అంటున్నారు. నేను రిజిస్టర్ చేయించలేదు. ఇంకోటి, మా పిన్ని ఆ బొమ్మను గుడ్డతో కుట్టి నుమాయిష్‌లో అమ్ముదాం అంటోంది, అమ్మొచ్చా?

జవాబు: ముందు ఒకటి చెప్పాలమ్మా, మీ లెటర్‌లో సహజీవనం అన్న మాట చూసి మళ్ళీ పెళ్ళి కాని జంట ఇల్లు ఖాళీ చేయించిన కేసే అనుకున్నా, మా దగ్గరికి ఆ మాటతో వచ్చేవన్నీ అవే. రొయ్యల సహజీవనం మాత్రం ఇదే ఫస్ట్.

వాళ్ళు చెప్పింది సగం నిజం, అందుకే వాళ్ళకి అంత ధీమా. ఐడియాకి కాపీరైట్ లేదన్నది 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఐడియా, థీమ్, ప్లాట్ ఎవరి సొత్తూ కాదు, దాన్ని మీరు ఏ రూపంలో పెట్టారో దానికే రక్షణ. ఇక మీ కేసులో ఐడియా అంటే ఏంటి, చూపు లేని జీవికి ఇంకో జీవి కళ్ళు కావడం. అది ప్రకృతిలో ఉన్నదే కదా. పిస్టల్ రొయ్య అని ఒకటుంది, దానికి చూపు సరిగా ఆనదు, అది ఇసుకలో బొరియ తవ్వుతుంటే గోబీ చేప గడప దగ్గర కాపలా ఉంటుంది, రొయ్య తన మీసం చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది, ప్రమాదం వస్తే చేప తోక ఆడిస్తుంది, ఇద్దరూ బొరియలోకి. ఒంట్లో బాక్టీరియాని పెంచుకుని వెలుగునిచ్చే చిన్న స్క్విడ్ కూడా హవాయి సముద్రంలో ఉంది. కాబట్టి రేపు ఇంకెవరో వాళ్ళ సొంత బుర్రతో ఒక గుడ్డి చేప, దాని మీద దారి చూపే పీత గీస్తే మీరు ఆపలేరు, ఆపాలని చూడకండి కూడా.

కానీ బోలు కొమ్ములు, వాటిలో రొయ్యలు, మీసాలే పగ్గాలు, వీపు మీద బొంత, ఇవన్నీ ఒకేచోట చేరి అదే ఆకారంలో ట్రైలర్‌లో కనిపిస్తున్నాయంటే అది ఐడియా కాదు, మీ గీత. రంగు మార్చినంత మాత్రాన పశువు మారదు. ఢిల్లీ హైకోర్టులో నాగరాజ్ అనే కామిక్స్ హీరో మీద ఇలాంటి గొడవే నడిచింది, ఇంకో పబ్లిషర్ నాగేశ్ అని పేరు మార్చి దించితే కోర్టు ఆపేసింది. పాము శక్తులున్న హీరోని ఎవరైనా రాసుకోవచ్చు, ఆ వేషం, ఆ వాలకం, పేరు అన్నీ దగ్గర పడితేనే తంటా.

ఇక పైసల సంగతి, అసలు కథ ఇక్కడే ఉంది, జర జాగ్రత్తగా చదవండి. వాళ్ళు పిలవకముందు గీసిన ఆరు బొమ్మలు, కథ పూర్తిగా మీవి. కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కు చేతులు మారాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి, ఫోన్‌పేలో 15 వేలు వచ్చినంత మాత్రాన మారదు. జీతం స్లిప్పు, పీఎఫ్ లేవు కాబట్టి ఉద్యోగిలా చేశారు అని కూడా వాళ్ళు అనలేరు. తర్వాత గీసిన ఎనిమిది బొమ్మల దగ్గరే చిక్కు. సెక్షన్ 17లో ఒక మెలిక ఉంది, డబ్బులిచ్చి ఫోటో గానీ పెయింటింగ్ గానీ పోర్ట్రెయిట్ గానీ చేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవాళ్ళే మొదటి ఓనర్. వాళ్ళ లాయర్ దీన్నే పట్టుకుంటాడు. నేనైతే మీవి పెయింటింగులు కావు డ్రాయింగులు, చట్టమే నిర్వచనంలో ఈ రెండింటినీ విడివిడిగా రాసింది కదా అని వాదిస్తా, కానీ గెలుపు గ్యారంటీ అని చెప్పను. ఆ ఎనిమిదీ పోయినా వాటి తల్లి బొమ్మలు ఆరూ మీ దగ్గరే ఉన్నాయి, ట్రైలర్‌లో ఉన్నది వాటి పోలికే అయితే ఓనర్లం అన్నంత మాత్రాన వాళ్ళు బయటపడరు. కేరళ హైకోర్టులో ఒక కార్టూనిస్టుకీ ఆయన పనిచేసిన పత్రికకీ బోబన్, మోలీ అనే పాత్రల మీద కేసు నడిచింది, ఉద్యోగంలో చేరకముందే పుట్టిన పాత్రలు పత్రికవి కావు అన్నారు. మీ వాదనకి దన్ను అదే. పైగా ఓనర్ ఎవరైనా గీసిన మనిషిగా మీ పేరు అడిగే హక్కు సెక్షన్ 57 కింద మీకు ఉంటుంది.

రిజిస్ట్రేషన్ లేదని పరేషాన్ కాకండి, బొమ్మ గీసిన నిమిషంలోనే కాపీరైట్ పుడుతుంది, అది మీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు. అయినా ఇప్పుడైనా అప్లై చేయండి, ఒక్కో బొమ్మకి 500 రూపాయలు, అదే వస్తువుల మీద వాడేదైతే 2,000, కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఫోన్ మార్చకండి, వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, లేయర్లున్న ఒరిజినల్ ఫైళ్ళు తేదీలతో సహా ఇంకో డ్రైవ్‌లో పెట్టండి, ట్రైలర్ ఇవ్వాళే సేవ్ చేసుకోండి. ఇవన్నీ ఎలక్ట్రానిక్ సాక్ష్యాలు కాబట్టి కోర్టులో వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అది మీ లాయర్ చూసుకుంటాడు.

నా సలహా అయితే గేమ్ ఆపించడం మీద పడకండి, మీ పేరు, లైసెన్స్ ఫీజు అడగండి. రిలీజ్‌కి ముందే నోటీసు వెళ్తే వాళ్ళకి భయం, తర్వాత వెళ్తే బేరం తగ్గుతుంది. ఇన్‌స్టాలో దొంగలు అని పోస్టులు పెట్టి లొల్లి చేయకండి, పరువునష్టం కేసు ఎదురు తగులుతుంది. మాట వినకపోతే మీరుండే ఊళ్ళోనే దావా వేయొచ్చు, సెక్షన్ 62 ఆ వీలిచ్చింది, వాళ్ళ కంపెనీ బెంగళూరులో రిజిస్టర్ అయినా సరే. లిమిటేషన్, అంటే దావా వేయడానికి గడువు, మూడేళ్ళు, అలా అని కూర్చోకండి, తాత్కాలిక స్టే అడిగేవాళ్ళని ఇన్నాళ్ళు ఏం చేశారని జడ్జిగారు మొదట అడుగుతారు.

పిన్నిగారి సంగతి. సరదాగా కుట్టి అమ్మొచ్చు, కానీ కాపీరైట్ చట్టం సెక్షన్ 15లో ఒక గొయ్యి ఉంది. డిజైన్‌గా, అంటే వస్తువు రూపురేఖలుగా వేరే చట్టం కింద రిజిస్టర్ చేయదగ్గదాన్ని అలా చేయకుండా ఇండస్ట్రియల్ పద్ధతిలో 50 కన్నా ఎక్కువ తయారు చేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. చేత్తో కుట్టింది ఇండస్ట్రియల్ ఎలా అవుతుంది అని వాదించొచ్చు, కుట్టుమిషన్లు నాలుగు పెట్టారంటే ఆ వాదన పలచబడుతుంది. పోనీ డిజైన్ రిజిస్టర్ చేద్దామా అంటే దానికి ముందే బయటపెట్టని కొత్తది కావాలి, మీరేమో రెండేళ్ళ కిందే ఇన్‌స్టాలో పెట్టేశారు. అందుకని ఈ నుమాయిష్‌కి నలభైతో ఆపమనండి పిన్నిగారిని, స్టూడియోతో లెక్క తేలాక మిగతావి కుట్టొచ్చు.