బోర్డింగా, బస్సా?

ప్రశ్న: మేడం, మాది పల్నాడులో ఒక పల్లె. పదకొండు కిలోమీటర్ల దూరంలో టౌన్లో సిస్టర్స్ నడిపే కాన్వెంటు ఉంది, ఆడా మగా పిల్లలంతా కలిసే చదువుతారు, బోర్డింగూ ఉంది. పాప ఆరో క్లాసుకి, బాబు మూడుకి వస్తారు. ఇద్దర్నీ బోర్డింగులో వేసేద్దామంటారు మావారు. మావయ్యగారేమో వాళ్ళ మతంలో కలిపేసుకుంటారని ఒకటే గొడవ. విద్యాహక్కు చట్టంలో ఫ్రీ సీటు వస్తుందా?
- ఓ తల్లి

జవాబు: ఫ్రీ సీటు సంగతి ముందే తేల్చేస్తానమ్మా, రాదు. ఆ 25 శాతం సీట్లు ఒకటో క్లాసులో చేర్చుకునేవాళ్ళకి, పైగా సిస్టర్ల కాన్వెంటులాంటి మైనారిటీ స్కూళ్ళకి ఆ చట్టం వర్తించదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. ఫీజు తగ్గించమని కరస్పాండెంట్ సిస్టర్‌ని నేరుగా అడగండి, మొహమాటపడకండి, ఇద్దరు పిల్లలు కదా.

ఇక మావయ్యగారి భయం. గుర్తింపు ఉన్న ఏ స్కూలైనా సరే, మైనర్ పిల్లల్ని పెద్దవాళ్ళ ఒప్పుదల లేకుండా మతబోధకీ ప్రార్థనకీ కూర్చోబెట్టకూడదు, రాజ్యాంగం 28(3)లో ఉంది. కానీ తిరకాసంతా ఆ 'ఒప్పుదల' దగ్గరే, అప్లికేషన్ వెనక పేజీలో సన్న అక్షరాల్లో ఏముందో చూడకుండా సంతకం పెట్టేస్తాం మనం, అక్కడే నిలబడి చదవండి, మా పిల్లలకి క్యాటకిజం (క్రైస్తవ మతపాఠం) వద్దు మోరల్ సైన్స్ చాలు అనుకుంటే రాసిచ్చేయండి. మావయ్యగారితో ఇంకోమాట, జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసఫ్) సిస్టర్స్ నెదర్లాండ్స్ నుంచి గుంటూరొచ్చింది 1904లో, ఇన్నేళ్ళలో మన వైపు ఎన్నిళ్ళ ఆడపిల్లలు సిస్టర్ల దగ్గర చదువుకుని పెట్టుకున్న బొట్టుతోనే తిరిగొచ్చారో ఆయన్నే లెక్కేయమనండి.

నాకు అసలు బెంగ బాబు గురించి. నేను బోర్డింగుకెళ్ళింది ఏడో క్లాసులో, అప్పటికే జడ నేనే వేసుకునేదాన్ని, అయినా మొదటి నెలంతా ట్రంకు పెట్టెలో ఆవకాయ సీసా మూత తీసి వాసన చూసుకుని ఏడ్చేదాన్ని (సీసా ఖాళీ అయ్యాక కూడా కడగనివ్వలేదు). ఎనిమిదేళ్ళవాడు ఏం చేస్తాడు? అక్క ఉంది కదా అనుకుంటున్నారేమో, మగపిల్లల డార్మిటరీ వేరుగానే ఉంటుంది, క్లాసు దగ్గర కనపడితే చెయ్యూపుకోవడమే. పైగా చాలా చోట్ల మగపిల్లల్ని చిన్న క్లాసులవరకే బోర్డింగులో ఉంచుకుంటారు, ఎంతవరకో అడిగారా?

పదకొండు కిలోమీటర్లేగా, ఇద్దర్నీ డే స్కాలర్లుగా స్కూలు బస్సెక్కించండి. పాపకి ఎనిమిదో తొమ్మిదో వచ్చాక, స్టడీ అవర్స్ కావాలి ఉంటానని తనే అంటే అప్పుడు చూద్దురుగాని.

మీవారు అప్పటికీ వినకపోతే, ఓ ఆదివారం విజిటింగ్ టైంకి ఆయన్నీ తీసుకెళ్ళండి. భోజనాలయ్యేదాకా ఉండి, పిల్లలు పడుకునే చోటు, బాత్రూంలు చూపించమనండి. చూపించం అన్నారంటే ఇక మాట్లాడేదేం లేదు, బస్సే.