ఏ మెట్టు దగ్గర వద్దన్నారో చూడమ్మా

చిన్నీకి, అత్త ఆశీస్సులు.

నీ మెయిల్ అందింది. నీ ఇంగ్లీషు నవలని పబ్లిషర్లకి అమ్మిపెట్టమని ఏజెంట్లకు నువ్వు పంపిన లెటరు, సినాప్సిస్ (కథా సారాంశం), వద్దంటూ వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన జవాబులు అన్నీ వరసగా చదివాను. నవల మళ్లీ మొదట్నుంచి చదివాను. మెయిల్ చివర్లో "నాకసలు రాయడం రాదేమో అత్తా" అన్నావు చూడు, ఆ మాటకి ఆధారం మాత్రం ఆ జవాబుల్లో ఎక్కడా కనపడలేదు. మిగతావన్నీ మనం కూర్చుని మాట్లాడుకోవాల్సినవే.

వారపత్రికలో కథలు చూసే బల్ల దగ్గర చాలా ఏళ్లు పనిచేశానని నీకు తెలుసు. రోజూ పోస్టులో కట్టలు కట్టలుగా కథలు వచ్చేవి. ఒక్కో కథ వెనక హామీపత్రం ఉండేది: ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం కాదు, అనుసరణ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని. దాంతోపాటు స్టాంపులు అంటించి, సొంత అడ్రసు రాసిన తిరుగు కవరు. వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఆ కవర్లలోనే వెనక్కి వెళ్లిపోయేవి. బాగోని కథలు వెళ్లాయి, నిజమే. కానీ సంక్రాంతి సంచిక నిండిపోయిందని వెళ్లినవి ఉన్నాయి. నాలుగు పేజీలకి చోటుంటే కథ ఆరు పేజీలు వచ్చిందని వెళ్లినవి ఉన్నాయి. ఒకావిడ వృద్ధాశ్రమం మీద చాలా మంచి కథ పంపింది. నాకిప్పటికీ గుర్తుంది, అందులో ముసలాయన రోజూ పొద్దున్నే తన పెట్టెకి తాళం వేసి, తాళంచెవి ఆయా చేతికిచ్చి, "మా అబ్బాయి వస్తే ఇవ్వు" అంటాడు. అదే విషయం మీద ఇంకో కథ ముందు వారమే కంపోజింగుకి వెళ్లిపోయింది. అందుకని ఈ కథ వెనక్కి వెళ్లింది. వీటన్నిటికీ మేం జతచేసిన చీటీ ఒక్కటే: ‘ప్రచురణకు స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం.’ కారణాలు పది, చీటీ ఒకటి. అందుకున్నవాళ్లు ఆ చీటీలో తమ మీద తీర్పు ఉందనుకునేవారు. కొందరు రాయడమే మానేశారు. ఆ వృద్ధాశ్రమం కథ రాసినావిడ మానలేదు, తర్వాత పంపిన కథ వేశాం.

నీకు వచ్చిన "నాట్ రైట్ ఫర్ మై లిస్ట్", అంటే నేను చూసే పుస్తకాల్లో ఇది ఇమడదు అన్న జవాబు కూడా అలాంటి చీటీయే. దాన్ని నువ్వు రాత్రిపూట మళ్లీ మళ్లీ తెరిచి చదువుతున్నావని మీ అమ్మ చెప్పింది. వెతికితే దొరకడానికి అందులో ఏమీ లేదు తల్లీ. చాలామందికి అదే మాట వెళ్తుంది.

ఏజెంటు పని ఎలా నడుస్తుందో తెలిస్తే సగం బాధ తగ్గుతుంది. చాలామంది ఏజెంట్లకి జీతం ఉండదు. పుస్తకాన్ని పబ్లిషరుకి అమ్మితే రచయితకు వచ్చేదాంట్లో సాధారణంగా 15 శాతం, విదేశీ హక్కులూ అనువాద హక్కులూ అమ్మితే 20 శాతం దాకా వస్తుంది. అమ్మకపోతే ఏమీ రాదు. పగలంతా ఇప్పటికే ఉన్న రచయితల ఒప్పందాలు, బకాయిలు, ఎడిటర్లతో మాటలతో సరిపోతుంది. నీలాంటి కొత్తవాళ్ల మెయిళ్లు చదివేది మిగిలిన టైములో. చదివేటప్పుడు "ఇది బాగుందా" అన్న ఒక్క ప్రశ్నే కాదు, "నాకు తెలిసిన ఎడిటర్లలో దీన్ని ఎవరికి అమ్మగలను" అన్న ప్రశ్న కూడా వెంటే ఉంటుంది. ఆ ఎడిటరు మళ్లీ తన ఆఫీసులో సేల్స్ వాళ్లని ఒప్పించుకోవాలి. ఇంతమంది ఒకేసారి అవుననాలి. అందులో ఎవరు వద్దన్నా నీకొచ్చే జవాబు అదే రెండు లైన్లు.

అందుకే ఎంతమంది వద్దన్నారని లెక్కపెట్టడం మానేసి, ఏ మెట్టు దగ్గర వద్దన్నారో చూడు.

లెటరు చదివి వద్దన్నవాళ్లు, అసలు జవాబే ఇవ్వనివాళ్లు నీ నవల చదవలేదు. ఈ మాట పట్టించుకో. వాళ్లు చూసింది ఒక్క పేజీ లెటరు. నీ జవాబుల్లో ఎక్కువ ఇవే. మరి ఆ లెటర్లో ఏముంది? ‘మూడు తరాల ప్రేమ, వియోగం, అస్తిత్వాన్వేషణ’ అన్న అర్థం వచ్చేలా ఏదో రాశావు. ఏ నవలకైనా అతుకుతుంది ఆ వాక్యం. నీ నవల్లో ఉన్నది సనత్‌నగర్. ఆల్విన్ ఫ్యాక్టరీలో ఫ్రిజ్ తలుపులు బిగించిన తాతయ్య. ఫ్యాక్టరీ చేతులు మారి ఉద్యోగం పోయాక కూడా ఇంట్లో ఆ ఫ్రిజ్ నడుస్తూనే ఉంటే, తలుపు చుట్టూ రబ్బరు ఊడిపోయినప్పుడు ఆయన సైకిల్ ట్యూబు కోసి అతికిస్తాడు. కొత్తది కొందామన్న కొడుకుతో ఆ రోజంతా మాట్లాడడు. ఇది చదివి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. ఈ ఫ్రిజ్ నీ లెటర్లో లేదు! 1942లో హైదరాబాదులో మొదలై, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు తయారుచేసిన కంపెనీ అంటే ఢిల్లీలోనో లండన్‌లోనో ఉన్న ఏజెంటుకి తెలియకపోవచ్చు. తెలియనందువల్లే ఆసక్తి పుడుతుంది. లెటర్లో మొదటి పేరా తాతయ్యా ఫ్రిజ్జూ కావాలి. రెండో పేరాలో ఆయనకి ఏం కావాలో, ఏది అడ్డమో రెండు మూడు వాక్యాల్లో చెప్పు. ఈమధ్య వచ్చిన ఏ పుస్తకాలు ఇష్టపడ్డవాళ్లు దీన్ని చదువుతారో ఒక వాక్యం, నీ గురించి ఒకటి. అంతే.

శాంపిల్ అధ్యాయాలు అడిగి, చదివాక వద్దన్నవాళ్లు ఇద్దరు. వీళ్లకి లెటరు నచ్చింది, పేజీలు ఆపేశాయి. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకు. నీ మొదటి రెండు అధ్యాయాలు న్యూజెర్సీలో, ఎయిర్‌పోర్టులో, విమానంలో నడుస్తాయి. మనవరాలు కిటికీలోంచి మబ్బులు చూస్తూ అన్నీ గుర్తు చేసుకుంటుంది. కథ సనత్‌నగర్ ఇంటి గేటు తీశాక గానీ మొదలవదు. ఆ ఇద్దరూ మబ్బుల దగ్గరే ఆగిపోయి ఉంటారని నా నమ్మకం. గేటు దగ్గర మొదలుపెట్టు. న్యూజెర్సీ సంగతులు అంతగా కావాలంటే తర్వాత ఎక్కడైనా నాలుగు వాక్యాల్లో వస్తాయి.

ఇక మొత్తం నవల తెప్పించుకుని చదివి, మధ్యభాగం సాగిందని, తండ్రి పాత్ర దూరంగా ఉండిపోయిందని ఒక పేరా రాసినావిడ. నువ్వు అన్నిటికంటే ఎక్కువ ఏడ్చింది ఈ జవాబుకేనని తెలుసు. నాకైతే నీ మెయిల్ బాక్సులో అన్నిటికంటే విలువైనది అదే. అన్ని పనులున్న మనిషి అన్ని వందల పేజీలు చదివి, నీ కోసం కూర్చుని ఒక పేరా రాసింది. మార్చి పంపితే మళ్లీ చూస్తానని అనలేదు కాబట్టి, ఇదే నవలని అడక్కుండా ఆవిడకి తిరిగి పంపకు. కృతజ్ఞతలు రెండు వాక్యాల్లో రాయి. వాదించకు, తండ్రి పాత్రని ఎందుకలా రాశావో వివరించకు. తర్వాతి నవల అయ్యాక మొట్టమొదట ఆవిడకే పంపు. ఆవిడ చెప్పిన మధ్యభాగం సంగతి నాకూ నిజమే అనిపించింది. నీ నవల లక్షా అరవై వేల పదాలుంది. మొదటి నవలకి ఎనభై వేల నుంచి లక్ష దాకా అయితే ఏజెంట్లు కంగారుపడరు. మేనమామ పెళ్లి గొడవ మొత్తం తీసేసినా కథకి లోటు రాదు. తండ్రి గురించి మాత్రం ఆవిడతో నేను ఏకీభవించను. ఆ దూరమే ఆయన. వచ్చిన ప్రతి సలహాకీ నవలని మార్చకు. ఇద్దరు ముగ్గురు ఒకరికొకరు తెలియకుండా ఒకే చోట వేలు పెడితే, అక్కడ చూడు.

సినాప్సిస్‌లో ముగింపు దాచావు. ‘తర్వాత ఏమైందో నవలలో చదవండి’ అన్నట్టు వదిలేశావు. పుస్తకం అట్ట వెనక రాసేది వేరు, ఇది వేరు. ఏజెంటుకి ముగింపు తెలియాలి, నువ్వు కథని ఒడ్డుకి చేర్చగలవో లేదో అక్కడే చూస్తారు. తాతయ్య చనిపోవడం, ఫ్రిజ్ ఎవరింటికి వెళ్లిందో అన్నీ రాసెయ్.

ఇంకో సంగతి. నువ్వు ఒకరికి పంపి, వాళ్ల జవాబు కోసం రెండేసి నెలలు ఆగి, తర్వాత ఇంకొకరికి పంపుతున్నావు. ఇది మా హామీపత్రాల కాలం నాటి పద్ధతి, మన ఇంట్లో చూసి నేర్చుకున్నావేమో. ఏజెంట్ల దగ్గర ఆ నియమం లేదు. తమకే ముందు చూపించాలని ప్రత్యేకంగా అడిగితే తప్ప, ఒకేసారి ఐదారుగురికి పంపొచ్చు. ఎవరైనా తీసుకుంటామంటే మిగతావాళ్లకి వెంటనే చెప్పాలి, అదొక్కటే మర్యాద. ఐదారుగురికి పంపి, ఆ జవాబులు ఏ మెట్టు దగ్గర ఆగుతున్నాయో చూసి, లెటరునో మొదటి పేజీలనో సరిచేసి, మళ్లీ ఐదారుగురికి పంపు. అందరికీ ఒకేరోజు పంపేస్తే సరిచేసుకునే అవకాశం పోతుంది.

ఎవరికి పంపాలన్నది కూడా గూగుల్లో దొరికిన లిస్టు పట్టుకుని చేయకు. నీకు నచ్చిన, నీ నవలకి దగ్గరగా ఉన్న కొత్త నవలలు తీసి చివర కృతజ్ఞతల పేజీ చూడు. రచయితలు చాలామంది తమ ఏజెంటు పేరు అక్కడ చెబుతారు. డిసెంబర్లో మన బుక్ ఫెయిర్‌కి ఎలాగూ వెళ్తావు, స్టాల్ దగ్గర నిలబడి ఆ పేజీలు చదివి పేర్లు రాసుకో. నలుగురు దొరికినా చాలు. మన దేశంలో ఏజెంటు లేకుండా నేరుగా రాతప్రతి తీసుకునే ఇంగ్లీషు పబ్లిషర్లు కూడా ఉన్నారు. వాళ్ల సైట్లలో ఏం పంపాలో, ఎన్నాళ్లు ఆగాలో రాసి ఉంటుంది. ఆ తలుపు కూడా తట్టు.

చదవడానికి ఫీజు అడిగినవాడు ఏజెంటు కాదు. "మీ నవల అద్భుతం, అచ్చు వేయడానికి మీరు కట్టాల్సిన ప్యాకేజీ ఇంత" అని ఫోన్లు చేసేవాళ్లు పబ్లిషర్లు కారు. రిజెక్షన్లతో మనసు బాగోని రోజునే ఆ ఫోన్ తియ్యగా వినపడుతుంది, జాగ్రత్త. తెలుగులో మనవాళ్లు చాలామంది సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకుంటారు, అందులో తప్పేమీ లేదు. అక్కడ రచయితే ప్రెస్సు చూసుకుంటాడు, పుస్తకాల షాపుల్లో తనే ఇస్తాడు, ఎవరూ ఎవర్నీ మోసం చేయరు. ప్యాకేజీ వాడు అమ్మేది పుస్తకాన్ని కాదు, నీ ఆశని.

మనసు సంగతికొస్తాను. ఈ మెయిళ్లకి విడిగా ఒక ఐడీ పెట్టుకో, ఫోన్లో మాత్రం పెట్టకు. ఆఫీసు క్యాబ్‌లో, మీటింగ్ మధ్యలో "అన్‌ఫార్చునేట్లీ" అన్న మాట చదివి రోజంతా మొహం నవ్వుతూ పెట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. శనివారం ఇంట్లో తెరువు. బాధేస్తే ఏడువు, పడుకో, మీ అమ్మని ఉప్మా చేయమని అడుగు. నీకు బాధ కలగడం బలహీనత కాదమ్మా, నాలుగేళ్లు రాసినదాన్ని వద్దంటే బాధ కలగకపోతే నేను భయపడేదాన్ని. అయితే ఆ రోజు మాత్రం నవల ఫైలు తెరిచి ఏమీ మార్చకు, ఎవరికీ జవాబు రాయకు. పెళ్లిళ్లలో "పుస్తకం ఎప్పుడొస్తోంది?" అని అడిగేవాళ్లకి "రాస్తున్నాను" అని చెప్పు, అది అబద్ధం కాదు. ఎన్ని వచ్చాయి, ఎవరు వద్దన్నారు అన్నవి బంధువులకి చెప్పనవసరం లేదు.

చెప్పుకోవడానికి మాత్రం ఒక మనిషి ఉండాలి. ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ సంగతి విన్నావు కదా. ఇంగ్లండ్‌లో పబ్లిషర్లు ఒకరి తర్వాత ఒకరు వద్దంటే, దానికి రాయి కట్టి థేమ్స్ నదిలో పడేయమని ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడికి రాసేశారు. ఆ స్నేహితుడు పడేయలేదు, ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్‌కి చదవడానికి ఇచ్చాడు. గ్రీన్ సిఫారసుతో 1935లో పుస్తకం అచ్చయింది. అందరూ గ్రీన్ గురించే చెబుతారు. నాకు ఆ స్నేహితుడంటే గౌరవం. రాసినాయన ఆశ వదిలేసుకున్నాక కూడా కాగితాలు దగ్గర పెట్టుకుని ఇంకొకరికి చూపించినవాడు. నీకు మీ కాలేజీ రోజుల నుంచి నీ డ్రాఫ్టులన్నీ చదివే ఫ్రెండ్ ఒకమ్మాయి ఉంది. పంపిన లెటర్ల లెక్క ఆమె చేతికివ్వు. ఎవరికి ఎప్పుడు పంపావో, జవాబెప్పుడొచ్చిందో ఆ అమ్మాయి ఎక్సెల్ షీట్లో రాసి పెడుతుంది, నువ్వు ఆ షీటు చూడకు.

ఆ ఖాళీ అయిన టైములో రెండో నవల మొదలుపెట్టు. మొదటిదాన్ని మర్చిపోవడానికి కాదు. ఏజెంటు నీకు ఫోన్ చేసిన రోజున "ఇంకేం రాస్తున్నారు?" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. ముషీరాబాద్‌లో టైలరింగ్ నేర్పే ఆవిడ గురించి పోయిన ఉగాదికి చెప్పావు, ఆ కథ ఇప్పటికీ నా చెవిలో ఉంది.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి నల్లకుంట రా. కొత్త లెటరు ఒక్క పేజీలో రాసి, ప్రింట్ తీసుకురా, స్క్రీన్ మీద నాకు తప్పులు కనపడవు. మొదటి రెండు అధ్యాయాలు తీసేసిన కాపీ కూడా తీసుకురా. మేనమామ పెళ్లి దగ్గర నేను పెన్సిల్‌తో గీతలు పెట్టి ఉంచాను, ఏది ఉంచాలో నువ్వే చెబుదువు గాని. నాన్నని కూడా రమ్మను, వదిన చేతి గోంగూర పచ్చడి ఒక సీసా పంపమని చెప్పు.

మీ అత్త