పర్యావరణం చదివితే బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. వేరుశనగ పండిస్తాం. అమ్మాయి బీఎస్సీ ఫైనల్ ఇయర్, బాటనీ, కెమిస్ట్రీ. బీఈడీ చేయమంటే ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేస్తానంటుంది. “మంచి నీళ్లు, మంచి గాలి మన హక్కు నాన్నా” అంటుంది. హక్కు సరే, ఉద్యోగం సంగతేమిటి? – ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మాయి మాట ఉత్త నినాదం కాదండీ. కాలుష్యం లేని నీరు, గాలి పొందడం జీవించే హక్కులో భాగమేనని 1991లోనే సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరోగ్యకరమైన పర్యావరణం మానవ హక్కు అని 2022 జూలైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. 161 దేశాలు ఓటేశాయి, వ్యతిరేకించిన దేశం ఒక్కటీ లేదు.

అయితే మీ టెన్షన్ కూడా న్యాయమైనదే. తీర్మానం జీతం ఇవ్వదు. జీతం వచ్చేది ఆ హక్కుకు ఆధారం తయారుచేసే పనికి. మన జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాలా? “నీళ్లు బాగాలేవు” అని రాస్తే అది అర్జీ. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాస్తే అది సాక్ష్యం. తాగునీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ఆ శాంపిల్‌ను గాజు సీసాలో పట్టరు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. ప్లాస్టిక్ సీసానే వాడాలి. ఇలాంటి పని మీ అమ్మాయికి విసుగు పుట్టిస్తే మాత్రం బీఈడీయే మంచిది.

కాలుష్య నియంత్రణ మండలి ఉద్యోగాలు తక్కువ. నోటిఫికేషన్ కోసమే కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. ఎక్కువ పని దొరికేది నీటి పరీక్షల ల్యాబుల్లో, ఫ్యాక్టరీల మురుగునీటి శుద్ధి ప్లాంట్లలో, గనులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీల్లో. మొదట్లో జీతం తక్కువే. ఇంకో చిక్కు ఉంది: నివేదికకు డబ్బిచ్చేది ఫ్యాక్టరీయే కాబట్టి, అంకె కాస్త తగ్గించమనేవాళ్లు తగులుతారు. ఆ విషయం ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

మన సీమలోనే చూడండి. ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, నందికొట్కూరు దగ్గర రోళ్లపాడులో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, అంతరించిపోతున్న పెద్ద పక్షి) కోసం పెట్టిన అభయారణ్యం ఉంది. కరెంటూ కావాలి, పిట్టా బతకాలి. రాజస్థాన్, గుజరాత్‌లలో ఇదే పిట్టకూ కరెంటు తీగలకూ వచ్చిన పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ కూడా హక్కేనని ఆ కేసులోనే 2024లో కోర్టు చెప్పింది. రెండు వైపులా లెక్క తెలిసినవాళ్లు దొరకడం కష్టం. అందుకే నేనైతే ఎమ్మెస్సీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ కూడా చేయమంటాను. పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌లో జడ్జి పక్కనే సైన్స్ తెలిసిన నిపుణ సభ్యుడూ కూర్చుంటారు. అక్కడ సైన్స్, చట్టం రెండు భాషలూ వచ్చిన లాయరుకు విలువ ఎక్కువ.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఈ సబ్జెక్టు ఉంది, ఏపీ పీజీసెట్ రాయాలి. ఈలోపు మీ బోరు నీళ్లు పట్టి పరీక్ష చేయించమనండి. సీసా మీద తేదీ, బోరు లోతు రాయమని మాత్రం గుర్తుచేయండి.