ప్రతిసారీ కొత్త నర్సేనా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. కోడలికి ఆరో నెల. పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ కొత్త నర్సు, మొదటి నుంచీ మళ్లీ చెప్పుకోవాలి. పిల్ల టెన్షన్ పడుతోంది. కాన్పు దాకా ఒక్కరే చూసే వీలుందా?

జవాబు: ఆ పిల్ల బాధ నిజమైనదే అమ్మా. నెలనెలా చూసిన మనిషికి మొహం ఉబ్బినా, మాట తగ్గినా ఇట్టే తెలిసిపోతుంది, కొత్త మనిషికి కార్డు మీద అంకెలే కనిపిస్తాయి. శిక్షణ పొందిన మిడ్‌వైఫే (గర్భిణులను, కాన్పులను చూసే నర్సు) మొదటి నుంచి బాలింత దాకా తోడుంటే సిజేరియన్లు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. కేంద్ర ప్రభుత్వం 2018లో దీనికి మార్గదర్శకాలిచ్చి, నర్సులకు 18 నెలల శిక్షణ పెట్టింది. కానీ వాళ్లింకా ప్రతి పల్లెకూ చేరలేదు.

అందాకా మీ ఊరి ఏఎన్ఎమ్‌నే పట్టుకోండి, ఆమె ఫోన్ నంబర్ తీసుకోండి, పెద్దాసుపత్రికి వెళ్లొచ్చిన రోజే కార్డు ఆమెకూ చూపించండి. బీపీ, రక్తం శాతం, బరువు ప్రతిసారీ అందులో రాయించాల్సిందే, రాయకపోతే మొహమాటపడకుండా అడగండి. నెలనెలా 9న ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూస్తారు, ఆ రోజు వదులుకోకండి.

తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో కాన్పయ్యాక 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికొచ్చి చూడాలి. రాకపోతే మీరే కబురు పెట్టండి.