తెల్లరక్తకణాలే లేని పురుగు ఇన్ఫెక్షన్‌ని ఎలా తట్టుకుంటుంది?

ల్యాబుల్లో పెంచే సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగుకి రక్తమే లేదు కదా, మరి బ్యాక్టీరియా సోకితే ఏం చేస్తుందని అడిగారు. పీజీ ప్రాజెక్టులో వీటితోనే కుస్తీ పట్టాను కాబట్టి తెలిసింది చెప్తాను.

మిల్లీమీటరు పొడవుండే ఈ పురుగు తినేదే బ్యాక్టీరియా, అందుకే జబ్బు కూడా ఎక్కువగా నోటి గుండానే వస్తుంది. గొంతు చివర గ్రైండర్ అనే గట్టి భాగం ఉంటుంది, మింగినవాటిని అది నలిపేస్తుంటే మైక్రోస్కోప్‌లో చక్కగా కనిపిస్తుంది. దాన్ని తప్పించుకున్నవి పేగులోకి చేరతాయి. యాంటీబాడీలు లేవు, క్రిములను వెంటాడి మింగే కణాలూ లేవు, అందుకని అరిగించుకునే ఆ 20 పేగు కణాలే పోరాడాలి కూడా. వాటిలో ఎన్‌ఎస్‌వై-1 అనే ప్రోటీన్ సెక్-1 అనే ప్రోటీన్‌ని, సెక్-1 పీఎంకే-1 అనే ఇంకో ప్రోటీన్‌ని తట్టి లేపుతాయి, దాంతో క్రిములను చంపే లైసోజైముల్లాంటి పదార్థాలు తయారవుతాయి. ఈ పీఎంకే-1 మన ఒంట్లోని పీ38 అనే ప్రోటీన్‌కి దగ్గరి చుట్టమే. సెక్-1 పాడైన పురుగులను సూడోమోనాస్ అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా మీద 25 డిగ్రీల దగ్గర ఉంచి, ప్లాటినం తీగతో ఒక్కోదాన్నీ తాకి కదలకపోతే చచ్చినట్టు లెక్కేసేవాళ్లం (అర్ధరాత్రి లెక్కలు కూడా ఉంటాయి, ముందే చెప్తున్నా). మామూలు పురుగులు ఇంకా తిరుగుతుండగానే అవి వరసగా పోయేవి.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. ఈగల్లో క్రిముల నుంచి రక్షణకి పేరుమోసిన టోల్ జన్యువు దీనిలో ఒక్కటే ఉంది, దానితో కలిసి పనిచేసే, రక్షణ జన్యువులను ఆన్ చేసే ఎన్‌ఎఫ్-కప్పా-బీ అనే ప్రోటీన్ అసలే లేదు. మరి శత్రువు వచ్చినట్టు ఎలా తెలుస్తుంది? చాలావరకు తనకు జరిగిన నష్టాన్ని బట్టే! సూడోమోనాస్ వదిలే ఎక్సోటాక్సిన్ ఎ అనే విషం కణంలో ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది, ఆ పని ఆగిందని గమనించగానే కణం రక్షణ జన్యువులను ఆన్ చేస్తుంది. హానిచేయని ఈ. కోలైలో ఆ ఒక్క విషాన్నే పెట్టి తినిపించినా అదే జరుగుతుందని 2012లో తేలింది.

ఇక పారిపోవడం. ప్లేటు మధ్యలో సూడోమోనాస్ పూస్తే మొదట ఎగబడి తింటాయి, మర్నాటికి చాలావరకు దాని బయట తిరుగుతుంటాయి. జబ్బుపడ్డాక ఆ వాసనకి దూరంగా ఉండటం నేర్చుకుంటాయని, అందులో సెరొటోనిన్ అనే నరాల రసాయనం పాత్ర ఉందని 2005లోనే చూపించారు. నన్నడిగితే ఇది కూడా ఇమ్యూనిటీయే. అందుకే ఏ పేపర్లోనైనా "ఈ పురుగులు ఎక్కువ తట్టుకున్నాయి" అని ఉంటే, బ్యాక్టీరియాను ప్లేటు అంచుల దాకా పూశారా, మధ్యలోనే పూశారా అన్నది ముందు చూడండి. మధ్యలోనే అయితే అవి తట్టుకోలేదేమో, తప్పించుకున్నాయేమో.